మరిది తెచ్చే పెన్‌డ్రైవ్, షాపులో మూడు పాత సిస్టమ్‌లు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

ఆమె, భర్త కలిసి పద్నాలుగేళ్లుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నారు. శుభలేఖలు, దశదిన కర్మ కార్డులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రికార్డులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఇదీ వ్యాపారం. షాపులో మూడు సిస్టమ్‌లున్నాయి. డిజైనింగ్‌కి వాడేది 2017లో విజయవాడ గవర్నర్‌పేటలో అసెంబుల్ చేయించారు: ఐ5-6500 ప్రాసెసర్, హెచ్110 బోర్డు, 8 జీబీ ర్యామ్, ఒక పాత గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్. డిస్క్‌లో సి, డి, ఇ అని మూడు డ్రైవులు. రెండోది నాలుగో తరం ఐ3, 4 జీబీ. వాట్సాప్, మెయిల్, దరఖాస్తులు, బ్యాంకు పనులు అన్నీ దాని మీదే. ఈ రెండింటిలో ఉన్నది విండోస్ 10. మూడోది కోర్ 2 డ్యుయో, 32 బిట్ విండోస్ 7. పాత లేజర్ ప్రింటర్ దానికి తప్ప మరి దేనికీ పలకదు.

విండోస్ 10కి గడువు అయిపోయిందని స్క్రీన్ మీద రోజూ హెచ్చరిక వస్తోంది. 35 వేలు పెట్టి డిజైనింగ్ సిస్టమ్ కొత్తది కొందామని భర్త అంటున్నారు. విజయవాడలో సర్వీసింగ్ పని చేసే మరిది "డబ్బులు దండగ వదినా, ఆదివారం వచ్చి మూడింట్లోనూ విండోస్ 11 కొట్టేస్తా" అంటున్నాడు. రెండేళ్ల క్రితం ఆయనే ఫార్మాట్ కొట్టినప్పుడు డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న కార్డుల ఫైళ్లన్నీ పోయాయి. ఉచితంగా చేసిపెట్టాడు కదా అని ఆవిడ నోరు మెదపలేదు. ఇప్పుడు కాదంటే ఆయనకి కోపం, సరేనంటే తనకి భయం. "అను, పేజ్‌మేకర్ లేకపోతే మాకు షాపు లేదు. 11 ఎక్కుతుందా? ఎక్కితే మా పని ఆగుతుందా? మరిదికి ఏం చెప్పాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు. (అను అంటే తెలుగు టైపింగ్, ఫాంట్ల సాఫ్ట్‌వేర్; పేజ్‌మేకర్ అంటే పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము.) మా పెద్దబ్బాయి సాయంత్రాలు డిజైనింగ్ సిస్టమ్ మీద వాలరెంట్ అన్న ఆన్‌లైన్ ఆట ఆడతాడు, అది కూడా పోకుండా చూడండి అని చివర్లో ఒక మాట చేర్చారు.

సమాధానం:

ముందుగా ఎక్కుతుందా లేదా అన్నది తేల్చేద్దాం. మూడింట్లో రెండింటికి ఎక్కుతుంది. ఆ రెండింటి వరకూ మీ మరిది చెప్పింది అబద్ధం కాదు. అయితే ఎక్కించడం ఒక పూట పని, ఎక్కించాక దాన్ని ఏళ్ల తరబడి నడపడం వేరే పని. ఆదివారం అయిపోయాక ఆ రెండో పని మీ మీద పడుతుంది.

విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతులు ఇవి: 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, యూఈఎఫ్ఐ (సిస్టమ్‌ని లేపే కొత్త పద్ధతి), సెక్యూర్ బూట్ (నమ్మకమైన విండోస్‌నే లేవనిచ్చే తనిఖీ), టీపీఎం 2.0. వీటికి తోడు ప్రాసెసర్ వాళ్ల జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో ఒకటీ అరా మినహాయింపులు తీసేస్తే ఆ జాబితా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. మీ ఐ5-6500లో '6' అన్నది ఆరో తరం అని. కాబట్టి అది జాబితాలో లేదు, ఐ3 అసలే లేదు.

టీపీఎం అంటే తాళంచెవుల్లాంటి రహస్య సమాచారాన్ని విడిగా దాచే చిన్న ఏర్పాటు. దాని కోసం మాడ్యూల్ కొనమని ఎవరైనా చెబితే వినకండి. ఆరో తరం బోర్డుల్లో చాలా వాటికి అది బయోస్‌లోనే (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగ్‌ల చోటు) ఉంటుంది, ఆపేసి ఉంటుందంతే. బయోస్‌లోకి వెళ్లి పీటీటీ, లేదా ఇంటెల్ ప్లాట్‌ఫారమ్ ట్రస్ట్ టెక్నాలజీ అన్న పేరు వెతికి ఆన్ చేయాలి. తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఇంగ్లిషు అక్షరాల్లో టీపీఎం, చుక్క, ఎంఎస్‌సీ అని కొడితే ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనిపిస్తే మీ దగ్గర టీపీఎం ఉన్నట్టే. అప్పుడు హార్డ్‌వేర్‌లో మిగిలే పెద్ద అడ్డు ప్రాసెసర్ జాబితా.

ఆ జాబితా ఊరికే కొత్త సిస్టమ్‌లు అమ్ముకోవడానికి పెట్టిందని చాలామంది అంటారు. అందులో కొంత నిజం ఉంటే ఉండొచ్చు, సాంకేతిక కారణం కూడా ఒకటుంది. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అని ఒక రక్షణ ఉంది. అది చురుగ్గా పనిచేయాలంటే ప్రాసెసర్‌లోనే ఒక సదుపాయం కావాలి. ఇంటెల్‌లో అది ఏడో తరంతో వచ్చింది. ఆరో తరంలో లేదు కాబట్టి విండోస్ ఆ పనిని సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొస్తుంది, సిస్టమ్ మందగిస్తుంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, 11 వేశాక సెక్యూరిటీ పేజీలో పసుపు గుర్తు పెట్టి "మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేయండి" అని అడగొచ్చు. మీ ఐ5 మీద ఆన్ చేస్తే మొన్నటిదాకా చకచకా నడిచింది కాస్తా తేడా తెలిసేంతగా మందగించొచ్చు. పైగా హార్డ్‌వేర్ లాకుతో పనిచేసే పాత ప్రోగ్రాములుంటే వాటి డ్రైవర్లను అది అడ్డుకోవచ్చు.

ఇక కోర్ 2 డ్యుయో. అది కుదరదు. విండోస్ 11లో 24హెచ్2 కూర్పు (వెర్షన్) నుంచి ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ అన్న ఆదేశాలు ప్రాసెసర్‌లో ఉంటే తప్ప విండోస్ లేవదు. ఇంటెల్‌లో అవి మొదటి తరం కోర్ ఐ సిరీస్‌తో వచ్చాయి, కోర్ 2లో లేవు. మీ మరిది వాడబోయేది బహుశా రూఫస్ అన్న ప్రోగ్రాముతో చేసిన సెటప్ పెన్‌డ్రైవ్. రూఫస్ తీసేసేది ఇన్‌స్టాల్ చేసేటప్పటి తనిఖీని మాత్రమే. ప్రాసెసర్‌లో లేని ఆదేశాన్ని అది తెచ్చిపెట్టలేదు. పైగా విండోస్ 11లో 32 బిట్ కూర్పు లేదు, 64 బిట్ విండోస్ 32 బిట్ ప్రింటర్ డ్రైవర్‌ని తీసుకోదు. మీ లేజర్ ప్రింటర్ ఇప్పుడు మిగతా రెండు సిస్టమ్‌లకీ పలకకపోవడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. ఆ మూడో సిస్టమ్‌ని ఉన్నచోట ఉండనివ్వండి. నెట్ వైరు మాత్రం ఈ రోజే పీకెయ్యండి.

ఇప్పుడు మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టే అను, పేజ్‌మేకర్ సంగతికి వద్దాం. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, అది 32 బిట్ ప్రోగ్రాము. 64 బిట్ విండోస్‌లు 32 బిట్ ప్రోగ్రాములను ఇప్పటికీ నడుపుతాయి, విండోస్ 11 కూడా అంతే. మీ డిజైనింగ్ సిస్టమ్‌లో ఉన్నది 64 బిట్ విండోస్ 10 అయితే, పేజ్‌మేకర్ విషయంలో 10కీ 11కీ పెద్ద తేడా ఉండదు. సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీ చూస్తే ఏ బిట్టో తెలుస్తుంది. అక్కడ 32 బిట్ అని ఉంటే మాత్రం పైపైన అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా వేయడమే.

తేడా వచ్చేది ఫాంట్ల దగ్గర. చాలా షాపుల్లో కొంప మునిగేది ఇక్కడే. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అక్షరాల ముక్కలను ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చి పెట్టినవి. అదే ఫాంటు, అదే కూర్పు సిస్టమ్‌లో లేకపోతే పాత ఫైలు తెరిచినప్పుడు వధూవరుల పేర్ల చోట పిచ్చి గీతలు కనిపిస్తాయి. విండోస్ 10 మధ్యలో ఒక మార్పు వచ్చింది. ఫాంటు మీద మామూలుగా ఇన్‌స్టాల్ నొక్కితే అది ఆ ఒక్క యూజర్ ఖాతాలోకే వెళుతుంది. పేజ్‌మేకర్ లాంటి పాత ప్రోగ్రాములు ఆ చోట వెతకకపోవచ్చు. కాబట్టి కుడి క్లిక్ చేసి "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" అన్నదే ఎంచుకోవాలి. విండోస్ 11లో అది మొదటి మెనూలో లేకపోతే "షో మోర్ ఆప్షన్స్" లోపల చూడండి. ఇది తెలియక "11లో అను పనిచేయదు" అని తేల్చేసి మళ్లీ 10కి పోయినవాళ్లున్నారు.

ఇంకో సంగతి, ఇది ఆదివారం కంటే ముందే చూసుకోవాలి. పేజ్‌మేకర్ సీడీ, సీరియల్ నంబరు, అను సీడీ, దాని రిజిస్ట్రేషన్ వివరాలు మీ దగ్గర ఉన్నాయా? ఉంటే కొత్తగా వేసుకోవచ్చు. పోయాయి, లేదా పాతకాలంలో ఎవరో కాపీ వేసి వెళ్లారు అంటే మాత్రం ఫార్మాట్ అన్న మాటే మీ షాపులో వినపడకూడదు. ఉన్న విండోస్ మీదే, ప్రోగ్రాములు కదలకుండా, 11ని ఎక్కించే పద్ధతి ఒక్కటే మిగులుతుంది.

ఆ పద్ధతిలో రెండు చోట్ల కాలు జారుతుంది. సెటప్ నడిపేటప్పుడు "ఫైళ్లు, ప్రోగ్రాములు రెండూ ఉంచు" అన్న ఎంపిక వస్తుంది. అది నొక్కడానికి వీల్లేకుండా మసకబారి ఉంటే అక్కడితో ఆపేయాలి. సాధారణంగా కారణం భాష. మీ విండోస్ 10 ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ అయి, దించుకున్న 11 అమెరికన్ ఇంగ్లిష్ అయితే ప్రోగ్రాములను నిలపనంటుంది. సరైన భాష ఉన్న ఐఎస్ఓ (విండోస్ సెటప్ ఫైలు) దించుకుంటే ఆ ఎంపిక తిరిగి వస్తుంది. ఇక రెండోది మీ సి, డి, ఇ డ్రైవులు. మన దగ్గర అసెంబుల్ చేసేవాళ్లు ఎంబీఆర్ అన్న పాత పద్ధతిలో డిస్క్‌ని భాగాలుగా కోసి, డి, ఇ లను లాజికల్ డ్రైవులుగా (ఒక పెద్ద భాగం లోపల కోసిన చిన్న భాగాలుగా) పెట్టడం మామూలు. సెక్యూర్ బూట్ కావాలంటే డిస్క్ జీపీటీ అన్న కొత్త పద్ధతికి మారాలి. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అన్న సాధనం ఆ పని చేస్తుంది, కానీ డిస్క్‌లో లాజికల్ డ్రైవు ఒక్కటున్నా కుదరదంటుంది. తనిఖీ మాత్రమే చేసే "వ్యాలిడేట్" ఆదేశంతో ముందు చూసుకోవచ్చు, దానివల్ల డిస్క్‌కి ఏ నష్టమూ ఉండదు. తనిఖీలో తప్పితే బలవంతంగా మార్చొద్దు. తనిఖీ తీసేసిన సెటప్‌తో ఎంబీఆర్ మీద కూడా 11 నడుస్తుంది. సెక్యూర్ బూట్ ఉండదు, అంతే.

జీపీటీకి మారితే బయోస్‌లో సీఎస్ఎం అన్న, సిస్టమ్‌ని లేపే పాత పద్ధతిని ఆపాలి. మీకు పాత గ్రాఫిక్స్ కార్డు ఉందన్నారు. యూఈఎఫ్ఐ రాకముందు కాలం కార్డయితే సీఎస్ఎం ఆపగానే తెర నల్లగా ఉండిపోతుంది. సిస్టమ్ చచ్చిపోయిందని కంగారు పడొద్దు. కార్డు ఊడదీసి, మానిటర్ వైరు బోర్డుకే పెట్టండి. ఐ5-6500లో గ్రాఫిక్స్ లోపలే ఉంది, పేజ్‌మేకర్ పనికి అది చాలు.

సీడీలు మీ దగ్గరుంటే, వీటన్నిటికంటే నాకు నచ్చే దారి వేరే ఉంది. ఒక 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, వేగంగా నడిచే డిస్క్) కొనండి. పాత హార్డ్ డిస్క్ రెండు వైర్లూ ఊడదీసి, పేపర్లో చుట్టి బీరువాలో పెట్టండి. ఎస్ఎస్‌డీ ఒక్కటే తగిలించి దాని మీద కొత్తగా విండోస్ వేయించండి. రెండు డిస్కులూ తగిలించి ఉంచితే బూట్ ఫైళ్లు పాతదాని మీదికి వెళ్లి, తర్వాత దాన్ని తీయగానే కొత్తది కూడా లేవకుండా పోయే ప్రమాదముంది. మీ విండోస్ 10 అసలైనది, యాక్టివేట్ అయినది అయితే లైసెన్సు ఆ బోర్డుకి ముడిపడి ఉంటుంది, కాబట్టి 11 కూడా తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. అను, పేజ్‌మేకర్, ఫాంట్లు వేసి, పాత శుభలేఖ ఒకటి తెరిచి, "శ్రీ", "జ్ఞ", "క్ష" ఉన్న పేజీని ప్రింటు తీసి చూడండి. తేడా వస్తే ఎస్ఎస్‌డీ తీసి పాత డిస్క్ పెట్టెయ్యడమే, పది నిమిషాల్లో షాపు మళ్లీ తెరుచుకుంటుంది. మీరు ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉన్నారు కాబట్టి, విండోస్ ఏదైనా సరే, ఎస్ఎస్‌డీ ఒక్కటే మీ సిస్టమ్‌కి కొత్త ప్రాణం పోస్తుంది.

అలా కాకుండా ఉన్నదాని మీదే ఎక్కిస్తే, నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి విండోస్ ఇచ్చే గడువు పది రోజులే. డిస్మ్ అన్న ఆదేశంతో దాన్ని 60 రోజులకు పెంచుకోవచ్చు. ఆ సంగతి మీ మరిదికి ముందే గుర్తు చేయండి. గడువు దాటాక పెంచడం కుదరదు.

ఇక ఆదివారం తర్వాత సంగతి. ఇలా ఎక్కించిన సిస్టమ్‌లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఆచరణలో నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి. రానిది ఏడాదికోసారి మారే కొత్త కూర్పు. హోమ్, ప్రో రకాల్లో ప్రతి కూర్పుకీ 24 నెలలే ఆయుష్షు. 24హెచ్2కి 2026 అక్టోబర్ 13తో అయిపోతుంది, 25హెచ్2కి 2027 అక్టోబర్ 12తో. ఆ లోపల ఎవరో ఒకరు మళ్లీ పెన్‌డ్రైవ్ తెచ్చి, మళ్లీ తనిఖీ తప్పించి, చేత్తో ఎక్కించాలి. అప్పటికి ఈ సందులు తెరిచి ఉంటాయని కూడా లేదు. విండోస్ సెట్టింగ్‌లు దాచే రిజిస్ట్రీలో ఒక విలువ మారిస్తే టీపీఎం 1.2 ఉన్నా అప్‌గ్రేడ్ అవుతుందని మొదట్లో మైక్రోసాఫ్టే తన పేజీలో రాసింది, తర్వాత ఆ ముక్క తీసేసింది. ఇంకో పద్ధతిలో సెటప్‌కి "ప్రొడక్ట్ సర్వర్" అని చేర్చి నడుపుతారు. తెర మీద విండోస్ సర్వర్ అని పడుతుంది కానీ ఎక్కేది మామూలు విండోసే. ఆ పద్ధతి వాడితే ఆ మాట చూసి బెంబేలెత్తకండి.

ఎవరో కత్తిరించి తేలిక చేసిన "లైట్" విండోస్ అని నెట్‌లో దొరికేదాన్ని మాత్రం షాపులోకి రానివ్వకండి. అందులో ఏం తీశారో, ఏం పెట్టారో చూసే దారి మీకు లేదు. దొంగ లైసెన్సు పెట్టే యాక్టివేటర్ నడపడానికి, విండోస్‌లోనే ఉండే వైరస్ కాపలా డిఫెండర్‌ని ఆపమంటే అసలు ఒప్పుకోవద్దు. ఐఎస్ఓ మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించాలి, పెన్‌డ్రైవ్ 8 జీబీ అయినా ఉండాలి.

అసలు 11 జోలికే పోకుండా విండోస్ 10 మీద ఉంటే? అదీ ఒక దారే. 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగింది కానీ, ఈఎస్‌యూ అన్న పొడిగింపులో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. సిస్టమ్‌లో 22హెచ్2 కూర్పు ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరడానికి లింకు కనిపిస్తుంది. సెట్టింగ్‌లను ఆ ఖాతాలోకి బ్యాకప్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్లకు సమానమైన మొత్తం ఒకసారి కట్టాలి. ఒక ఖాతా కింద 10 సిస్టమ్‌ల దాకా చేర్చుకోవచ్చు. ఒక్క మెలిక ఉంది. ఇది సొంత వాడకం వాళ్ల కోసం పెట్టిన పథకం. వ్యాపార సంస్థలకు వేరే ఈఎస్‌యూ ఉంది, సిస్టమ్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, మొత్తం మూడేళ్లు. మీలాంటి చిన్న షాపు సిస్టమ్‌లో కూడా ఉచిత లింకు కనిపిస్తుంది, ఎందుకంటే అది కంపెనీ నెట్‌వర్క్‌కి కట్టి ఉన్న సిస్టమ్‌లనే ఆపుతుంది. చేరాలా వద్దా అన్నది మీ ఇష్టానికే వదిలేస్తున్నాను. డిఫెండర్ వైరస్ జాబితాలు మాత్రం ఏ పథకంలో చేరకపోయినా 2028 అక్టోబర్ దాకా విండోస్ 10కి వస్తాయి.

ఇప్పుడు మీ వారి 35 వేల మాట. డబ్బు ఖర్చు పెట్టాలన్న ఆలోచన మంచిదే, పెట్టాలనుకున్న చోటు తప్పు. డిజైనింగ్ సిస్టమ్‌కి బయటి ప్రపంచంతో పనేముంది? అక్కడ అను, పేజ్‌మేకర్, ప్రింటర్, అంతే. ప్రమాదమంతా రెండో సిస్టమ్ మీద ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు వాట్సాప్‌లో పంపే ఫైళ్లు, కాలేజీ పిల్లల పెన్‌డ్రైవులు, జనాల ఆధార్ కాపీలు, మీ బ్యాంకు పాస్‌వర్డు, అన్నీ ఆ 4 జీబీ ఐ3 మీదికే వస్తున్నాయి. కొత్తది రావాల్సింది దాని స్థానంలో. బ్రౌజర్, వాట్సాప్, పీడీఎఫ్ ప్రింటు కోసం 35 వేలు కూడా అక్కర్లేదు. ఆఫీసుల నుంచి వచ్చే వాడిన డెస్క్‌టాప్, ఎనిమిదో తరం, 8 జీబీ, ఎస్ఎస్‌డీ ఉన్నది సరిపోతుంది.

అది కొనేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. "విండోస్ 11 వేసి ఉంది మేడమ్" అన్నది రుజువు కాదు. మీ మరిది చేయబోయే పనే ఆ షాపువాళ్లు ముందే చేసి ఉండొచ్చు. ప్రాసెసర్ పేరులో గీత తర్వాతి అంకె చూడండి. ఐ5-8500, ఐ3-8100 అయితే సరే. ఐ5-7500 చూడ్డానికి కొత్తగానే ఉంటుంది కానీ జాబితాలో లేదు. మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ అన్న చిన్న ప్రోగ్రాము అక్కడే వేయించి నడపమనండి. బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డు అడుగుతుందేమో కూడా చూడండి, ఆఫీసుల నుంచి వచ్చిన వాటికి అది తీయకుండా వదిలేస్తుంటారు. ఇంకో మాట వినిపించవచ్చు: "మీ పాత బోర్డు మీదే ఎనిమిదో తరం ప్రాసెసర్ పెట్టేస్తాం, సాకెట్ ఒకటే." సాకెట్ పేరు ఒకటే, 1151. కానీ ఎనిమిదో తరానికి 300 సిరీస్ బోర్డు కావాలి, మీ హెచ్110 మీద అది లేవదు.

డబ్బు ఇప్పుడు కుదరకపోతే ఆ ఐ3 మీద మూడు దారులున్నాయి. ఈఎస్‌యూలో చేర్చడం తేలికైనది, 2026 అక్టోబర్ దాకా నెట్టుకురావొచ్చు. విండోస్‌కి బదులుగా లినక్స్ మింట్ వేయడం ఉచితం, వాట్సాప్ వెబ్, దరఖాస్తులు బాగానే నడుస్తాయి. కానీ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు, కొన్ని ప్రింటర్ల దగ్గర తలనొప్పి తప్పదు. వాటితో మీకు పనుంటే వద్దు. మూడోది తనిఖీ తప్పించి 11 వేయడం. 4 జీబీతో అది ఈడ్చుకుంటూ నడుస్తుంది, ఇంకో 4 జీబీ వేయక తప్పదు. బ్యాంకు పని చేసే సిస్టమ్‌కి హామీ లేని విండోస్ పెట్టడం నాకైతే మనసొప్పదు.

కొత్తది వచ్చాక ఐ3ని అమ్మేయకండి. డిజైనింగ్ సిస్టమ్ ఎప్పుడైనా మొరాయిస్తే అందుకోవడానికి అను, పేజ్‌మేకర్ వేసి పక్కన పెట్టుకోండి. కస్టమర్ల పెన్‌డ్రైవులు, ఫైళ్లు కొత్త సిస్టమ్‌లోనే తెరవాలి, స్కాన్ అయ్యాక షాపుది ఒక్క పెన్‌డ్రైవ్ మీదే డిజైనింగ్‌కి, కోర్ 2 డ్యుయోకి వెళ్లాలి. మొదటి వారం విసుగ్గా ఉంటుంది.

మరిది విషయానికి వస్తే, ఆయన్ని కాదనాల్సిన పని లేదు. పనిని చిన్నది చేసి అప్పగించండి. "మూడూ ఒకేసారి వద్దు. ఎస్ఎస్‌డీ మేం కొంటాం, డిజైనింగ్ సిస్టమ్‌కి అది పెట్టి నువ్వే 11 వెయ్యి, పాత డిస్క్ మాత్రం ముందు ఊడదీసి నా చేతికివ్వు" అనండి. డిస్క్ మీ చేతిలో ఉంటే ఫార్మాట్ ఏం కొట్టినా భయం లేదు, పోయిన ఫైళ్ల సంగతి ఎత్తి ఆయన్ని నొప్పించాల్సిన అవసరమూ రాదు. "వచ్చే ఏడాది కొత్త కూర్పు కూడా నువ్వే వచ్చి ఎక్కించాలి" అని కూడా అప్పుడే అడిగేయండి. నవ్వుతూ సరే అంటే మంచిదే. ఆ మాటకి తల గోక్కుంటే ఆ సిస్టమ్‌ని విండోస్ 10 మీదే ఉంచి, నెట్ తీసేసి, ఎస్ఎస్‌డీ మాత్రం పెట్టించుకోండి. పాత డిస్క్‌ని దాని మీదికి క్లోన్ (ఉన్నదున్నట్టు నకలు) చేస్తే అను, పేజ్‌మేకర్ అలాగే వచ్చేస్తాయి. డిస్క్ 1 టీబీ, ఎస్ఎస్‌డీ 500 కాబట్టి ఇ డ్రైవులోని పాత ఫైళ్లు ముందు బయటికి తీసి, డ్రైవుల సైజు తగ్గించాలి.

ముహూర్తాల రోజుల్లో మాత్రం ఏ ఆదివారమూ వద్దు. ఆషాఢంలోనో, మూఢంలోనో శుభలేఖల ఆర్డర్లు లేని వారం చూసుకోండి. బయోస్‌లో చెయ్యి పెట్టేటప్పుడు, అప్‌గ్రేడ్ నడిచేటప్పుడు యూపీఎస్ బ్యాటరీ బాగుండాలి. మన ఎండాకాలం కరెంటుని నమ్మి బయోస్ అప్‌డేట్ మొదలుపెడితే, మధ్యలో కరెంటు పోయిందంటే బోర్డే పోతుంది.

మీ అబ్బాయి ఆట. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ నిజంగా ఆన్ అయ్యుండాలి. రూఫస్ తప్పించేది విండోస్ సెటప్ తనిఖీని, ఆటది కాదు. పీటీటీ ఆన్ చేసి, ఎస్ఎస్‌డీని జీపీటీ పద్ధతిలో పెట్టి, సీఎస్ఎం ఆపి, సెక్యూర్ బూట్ ఆన్ చేసి వేస్తే ఆట తెరుచుకోవాలి. సీఎస్ఎం కోసం ఆ పాత గ్రాఫిక్స్ కార్డు తీసేయాల్సి వస్తే వేగం ఎలా ఉంటుందో ఆడి చూస్తే గానీ తెలియదు. అసలు డిజైనింగ్ సిస్టమ్‌కి నెట్ తీసేద్దామనుకుంటే మాత్రం ఆట అక్కడ కుదరదు. ఆ సంగతి మరిదికంటే ముందు అబ్బాయితో మాట్లాడుకోండి.